పాత ఐడ్లర్ టర్న్‌టేబుల్ గుర్రుమంటుంటే ముందు ప్లైవుడ్ కొనకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న లెంకో ఎల్75 టర్న్‌టేబుల్‌ని కిందికి దించారు. ప్లగ్ పెడితే తిరుగుతోంది. కానీ పాట కాస్త సాగినట్టు వినిపిస్తోంది. పాటకూ పాటకూ మధ్య ఖాళీలో అడుగు నుంచి గుర్రుమని ఒక మోత, దాని మీద ‘తప్ తప్’మని ఇంకొకటి. తెలిసినవాళ్లు బరువైన ప్లింత్ (మెషీన్‌ను బిగించే చెక్క దిమ్మె) చేయించమన్నారు, టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) మార్చెయ్యమన్నారు, రబ్బరు చక్రం అరిగి చిన్నదైంది కాబట్టే స్పీడు తగ్గిందన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి రెండూ తర్వాతెప్పుడైనా చేసుకోవచ్చు. మూడోది తప్పు. ముందు దాన్ని తేల్చేద్దాం, ఎందుకంటే ఆ మాట నమ్మి చక్రాలు మార్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఐడ్లర్ అంటే మోటారు కడ్డీకీ, రికార్డును మోసే పళ్లెం అయిన ప్లాటర్‌కీ మధ్య నలిగే చక్రం. కడ్డీ అంచు ఒక మిల్లీమీటరు జరిగితే చక్రం అంచు ఒక మిల్లీమీటరు జరుగుతుంది, ప్లాటర్ కూడా అంతే జరుగుతుంది. మధ్యలో ఉన్న చక్రం పెద్దదైనా చిన్నదైనా లెక్క మారదు. అది ఇచ్చింది ఇచ్చినట్టు అందించే మధ్యవర్తి. స్పీడు తేల్చేవి మోటారు ఎన్ని చుట్లు తిరుగుతోంది, కడ్డీ మందం ఎంత, చక్రం ప్లాటర్‌ని ఎక్కడ తాకుతోంది అనేవే. మీ లెంకోలో ఆ కడ్డీ శంకువులా సన్నబడుతూ ఉంటుంది, స్పీడు లివర్ జరిపితే చక్రం దాని పొడవునా జరుగుతుంది. అందుకే నిమిషానికి 16 నుంచి 78 చుట్ల దాకా మధ్యలో ఏ స్పీడైనా దొరుకుతుంది. స్పీడు తగ్గిందంటే లివర్ సరైన చోట లేదు, లేదా చక్రం జారుతోంది, లేదా మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతోంది. అటక మీది నుంచి దిగిన మెషీన్లలో నేను ఎక్కువగా చూసింది మూడోదే.

(అదే గారార్డ్ 301, 401 లాంటి వేరే ఐడ్లర్ మెషీన్లైతే మోటారు కడ్డీ మీద మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీ ఉంటుంది. 60 హెర్ట్జ్ కరెంటు కోసం చేసిన పుల్లీతో 50 హెర్ట్జ్ మీద నడిపితే 33⅓ బదులు 27.8 దగ్గర తిరుగుతుంది. పుల్లీ మార్చాల్సిందే. లెంకోకు ఆ బాధ లేదు, లివర్ జరిపితే చాలు.)

ఇక ప్లింత్ సంగతి. నా మొదటి మెషీన్‌కు నేను చేసిన తప్పు చెబుతాను. అది గుర్రుమంటుంటే బరువు వేస్తే పోతుందని నాలుగు పొరల ప్లైవుడ్ అతికించి, ఒక్కడినే ఎత్తలేనంత దిమ్మె తయారుచేశాను. రెండు నెలల సెలవు రోజులు దానికే పోయాయి. అంచులకు ఉప్పుకాగితం పట్టి, మూడు పూతలు వార్నిష్ వేసి, మెషీన్ బిగించి రికార్డు పెట్టాను. గుర్రు అలాగే ఉంది! ఇంకా స్పష్టంగా వినబడింది కూడా, ఎందుకంటే మిగతా గలగలలన్నీ పోయాయి. చివరికి తేలిందేమిటంటే, మోటారు బాడీని బిగించే బోల్టులు ఒకవైపు ఎక్కువ బిగిసి, లోపల కడ్డీ బుష్‌లో (కడ్డీ కొసను పట్టి ఉంచే చిన్న గొట్టంలో) వంకరగా కూర్చుంది. పావుగంట పని. అప్పటి నుంచి శబ్దం ఎక్కడిదో తేలకుండా చెక్క ముట్టుకోవడం మానేశాను.

శబ్దం ఎక్కడిదో తేల్చడానికి పరికరాలు అక్కర్లేదు. చెవి, గడియారం, ఒక దారం ముక్క చాలు.

పూర్తిగా ఆపేసి, మోటారు ఆన్ చేయకుండా, ముల్లును రికార్డు చివర పాట లేని గాడిలో పెట్టి, ప్లాటర్‌ను వేలితో మెల్లగా తిప్పండి. ఇప్పుడు గరగరమంటే అది ప్లాటర్ బేరింగ్‌ది. తర్వాత ప్లాటర్ తీసి, ఐడ్లర్‌ను దారంతో కిందికి లాగి కట్టండి, మళ్లీ ప్లాటర్ పెట్టండి. ఇప్పుడు మోటారు ఆన్ చేస్తే మోటారు తిరుగుతుంది, ప్లాటర్ కదలదు. కదలని రికార్డు మీద ముల్లు దించి వినండి. వినిపించేదంతా మోటారు నుంచి పైరేకు మీదుగా వస్తున్నదే. చివరగా దారం తీసేసి మామూలుగా నడపండి. కొత్తగా ఏది కలిసిందో అది చక్రానిది. ముల్లు దించేటప్పుడు, ఎత్తేటప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించడం మర్చిపోకండి, స్పీకర్లు పోతాయి. దారం కొస మోటారు కడ్డీకి చుట్టుకోకుండా చూసుకోండి.

‘తప్ తప్’ మాత్రం గడియారంతో పట్టుబడుతుంది. 33⅓ దగ్గర ప్లాటర్ ఒక చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది. 1.8 సెకన్లకొకసారి వస్తే ప్లాటర్‌దో, రికార్డుదో. సెకనుకు రెండు మూడుసార్లు వస్తే చక్రానిది. ఖచ్చితంగా కావాలంటే, చక్రం ప్లాటర్‌ను తాకే వలయం వ్యాసాన్ని చక్రం వ్యాసంతో భాగించండి. వలయం 240 మి.మీ., చక్రం 60 మి.మీ. అనుకుంటే ప్లాటర్ ఒక చుట్టులో చక్రం నాలుగు చుట్లు తిరుగుతుంది, అంటే 1.8 సెకన్లలో నాలుగు తపతపలు. మీ కొలతలు మీరు వేసుకుని లెక్కపెట్టండి. ఇక ఆగకుండా వచ్చే గుర్రు మోటారుది. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారు 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 1500కు కాస్త తక్కువ చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 25కు కొంచెం తక్కువ. దానికి తోడు 100 హెర్ట్జ్ దగ్గర అయస్కాంతపు వణుకు ఒకటి.

స్పీడు కొలవడం ఇంకా తేలిక. ప్లాటర్ అంచున ఒక తెల్ల కాగితం ముక్క అతికించి, రికార్డు మీద ముల్లు దించి, వంద చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా మూడు నిమిషాలు పట్టాలి. మూడు సెకన్లు ఎక్కువ పడితే 1.6 శాతం పైన నెమ్మదిగా ఉన్నట్టు, అది చెవికి తెలుస్తుంది. స్ట్రోబ్ బిళ్ళ (స్పీడు సరిగ్గా ఉంటే కరెంటు దీపం కింద గీతలు ఆగినట్టు కనిపించే బిళ్ళ) ఉంటే దాంతోనూ చూడొచ్చు. 50 హెర్ట్జ్‌కు 180 గీతలున్నది కావాలి. కానీ ఇప్పటి ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటి వెలుగు కరెంటుతో పాటు మినుకుమనదు, గీతలు ఆగినట్టే కనిపించవు. అది చూసి మెషీన్ పాడైందనుకోకండి.

పని మొదలుపెట్టే ముందు కరెంటు జాగ్రత్త. ఇవి నేరుగా మెయిన్స్ మీద నడిచే మోటార్లు. స్విచ్ దగ్గర టెర్మినళ్లు చాలాసార్లు తెరిచే ఉంటాయి. విప్పేటప్పుడు ప్లగ్ గోడలో ఉండకూడదు, ‘స్విచ్ ఆఫ్ చేశాను కదా’ అంటే కుదరదు. స్విచ్‌కు అడ్డంగా ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, ఆఫ్ చేసినప్పుడు స్పీకర్లో ‘టప్’మనకుండా. దశాబ్దాల నాటి కెపాసిటర్‌ను ఆలోచించకుండా తీసేసి, అదే విలువగల, మెయిన్స్ కోసం చేసిన ఎక్స్2 రకం వేయండి. మామూలు కెపాసిటర్ అక్కడ పనికిరాదు. రెండు తీగల వైరు ఉంటే మూడు తీగలది వేసి, లోహపు భాగాలన్నిటికీ ఎర్త్ కలపండి. ఈ పని చేతికి అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు మోటారు. మీ మెషీన్ సగం రోగం ఇక్కడే ఉంటుందని నా అనుమానం.

విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. పై కప్పు, మధ్య భాగం, కింది కప్పు మీదుగా పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీయండి. బిగించేటప్పుడు ఆ గీత మళ్లీ కలవాలి. లోపలి వాషర్లు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో తెల్ల గుడ్డ మీద పేర్చుకోండి. కడ్డీ బయటికి రాగానే దాని కొసల్లో గోధుమరంగు పూత కనిపిస్తుంది. అది ఒకప్పటి నూనె. గోటితో గీకితే తుమ్మబంకలా సాగుతుంది. మోటారు ఈడ్చుకుంటూ తిరగడానికి కారణం చాలావరకు అదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో కడ్డీ మెరిసేదాకా తుడవండి.

బుష్‌ల దగ్గర ఒక చిక్కుంది. అవి కంచు పొడిని అచ్చులో ఒత్తి కాల్చి చేసినవి, స్పాంజీలా లోపల సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో నూనె దాగి ఉంటుంది. ఆల్కహాల్‌తో కడిగితే బంకతో పాటు ఆ దాగిన నూనె కూడా పోతుంది. పైన రెండు చుక్కలు వేసి బిగిస్తే నెల రోజులు బ్రహ్మాండంగా నడిచి, తర్వాత కీచుమంటుంది. నాకూ ఒకసారి అయింది. అందుకే కడిగి ఆరబెట్టిన బుష్‌లను గోరువెచ్చని నూనెలో ముంచి వదిలేయండి. సన్నని బుడగలు పైకి వస్తాయి, లోపలి గాలి పోయి నూనె చేరుతోందన్నమాట. బుడగలు పూర్తిగా ఆగేదాకా, వీలైతే రాత్రంతా ఉంచండి. చుట్టూ ఉన్న ఫెల్ట్ ఉంగరాలనూ అదే నూనెలో నానబెట్టండి. డిటర్జెంట్ కలపని ఎస్ఏఈ 20 నూనె, లేదా అంత చిక్కదనం ఉన్న టర్బైన్ నూనె సరిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం వద్దు. కొట్టగానే బాగా తిరిగి మురిపిస్తాయి, ఎగిరిపోయాక బుష్ ఎండిపోతుంది.

బిగించడంలోనే అసలు పనితనం. బోల్టులు వేళ్లతో తిప్పినంత వరకే తిప్పి ఆపండి. కడ్డీని రెండు వేళ్లతో తిప్పి చూడండి, స్వేచ్ఛగా తిరగాలి. ఒక బోల్టు పావు చుట్టు, తర్వాత దానికి ఎదురుగా ఉన్నది పావు చుట్టు, మళ్లీ కడ్డీ తిప్పి చూడటం. ఎక్కడో ఒక దగ్గర పట్టేసినట్టు తెలుస్తుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మోటారు బాడీ మీద పక్క నుంచి నెమ్మదిగా తట్టండి. బుష్‌లు గుండ్రని గూళ్లలో కూర్చుని ఉంటాయి, తడితే కడ్డీకి తగ్గట్టు సర్దుకుంటాయి. ‘టిక్’మని సర్దుకున్న క్షణం వేళ్లకు తెలుస్తుంది, అప్పటిదాకా బిగుసుకున్న కడ్డీ ఒక్కసారి వదులైపోతుంది. పూర్తిగా బిగిశాక పరీక్ష ఏమిటంటే, మోటారు ఒక్కదాన్నే రెండు నిమిషాలు నడిపి, కరెంటు తీసేసి, ఆగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. విప్పకముందే ఒకసారి ఈ కొలత తీసుకోండి. నా మొదటి మోటారు ముందు పది సెకన్లలో ఆగేది, సర్దాక దానికి మూడింతలు పైన పట్టింది.

మోటారు స్ప్రింగుల మీద వేలాడాలి. పైరేకును ఎక్కడా తాకకూడదు. రవాణా కోసం బిగించిన స్క్రూలు అలాగే ఉండిపోయిన మెషీన్లు నేను చూశాను, అలాంటప్పుడు మోటారు వణుకంతా నేరుగా ముల్లుకు చేరుతుంది. వైర్లు కూడా మోటారును లాగిపట్టకుండా వదులుగా ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోరు, గట్టి వైరు ఒక్కటి చాలు స్ప్రింగుల పని చెడగొట్టడానికి.

చక్రం దగ్గరికి వద్దాం. లెంకో ఐడ్లర్ లోహపు చక్రం, అంచున సన్నని రబ్బరు పట్టీ. మెషీన్ పక్కన పడేసినప్పుడు చక్రం కడ్డీకి ఒత్తుకుని ఉండిపోతే, అదే చోట రబ్బరు నొక్కుకుపోయి గుంట పడుతుంది. మీ తపతప లెక్క చక్రంతో సరిపోతే అదే. గుంట మరీ లోతు కాకపోతే రెండు మూడు రోజులు రోజుకు కొన్ని గంటలు ఉత్తినే నడపండి, కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి. రబ్బరు పైన నునుపెక్కి మెరుస్తుంటే, 600 నంబరు ఉప్పుకాగితాన్ని చదునైన చెక్క ముక్కకు అతికించి, తిరిగే చక్రానికి తాకీ తాకనట్టు పట్టండి. మెరుపు పోతే చాలు, అంతకంటే గీకకండి. లోతైన గుంటను ఇంట్లో గుండ్రంగా చేయలేరు, లేత్ మీద కొత్త రబ్బరు వేసి గ్రైండ్ చేసేవాళ్లకు ఇవ్వాలి. చక్రం ఇరుసుకు ఒక్క చుక్క నూనె. ఎక్కువైతే చిమ్మి రబ్బరు మీద పడుతుంది, ఇక అది జారుడుబండే. చివరగా కడ్డీ, చక్రం అంచు, ప్లాటర్ అడుగున చక్రం నడిచే వలయం మూడిటినీ ఆల్కహాల్‌తో తుడవండి. ప్లాటర్ అడుగున నల్లటి రబ్బరు చార వస్తుంది, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి.

చక్రాన్ని పైకి ఒత్తే స్ప్రింగ్ గురించి రెండు మాటలు. గట్టిగా ఉంటే గుర్రు పెరుగుతుంది, వదులైతే బరువు పడినప్పుడు స్పీడు తగ్గుతుంది. చాలా లెంకోల్లో ఇది అవసరానికి మించి గట్టిగా ఉంటుందని నా అనుభవం. కాస్త మెత్తనిది వేసి, ఆడుతున్న రికార్డు అంచుకు దుమ్ము తుడిచే బ్రష్ ఆనించి చూడండి. శ్రుతి కుంగకపోతే ఇంకొంచెం మెత్తనిది ప్రయత్నించవచ్చు. కుంగితే వెనక్కి రండి. పాత స్ప్రింగ్ పారేయకండి.

ప్లాటర్ బేరింగ్‌లో స్పిండిల్‌ను (ప్లాటర్ మధ్య ఇరుసును) నిదానంగా పైకి లాగండి. అడుగున ఒక స్టీలు గోళీ ఉంటుంది, నూనె జిడ్డుకు స్పిండిల్‌ను అంటుకుని పైకి వచ్చి, చూస్తుండగానే దొర్లిపోతుంది. కింద గుడ్డ పరచుకోండి. గోళీ ఆనే బిళ్ళలో గుంట పడి ఉంటే మార్చండి, లేదా రెండోవైపు నున్నగా ఉంటే తిరగేసి వేయండి. కడిగి, నూనె వేసి స్పిండిల్ వదిలితే అది ఒక్కసారిగా పడిపోకూడదు. లోపలి గాలి తప్పుకుంటూ మెల్లగా, బద్ధకంగా దిగాలి. అలా దిగితే బుష్ అరగలేదన్నమాట. పక్కలకు ఊగితే నూనె మార్చినా ప్రయోజనం లేదు.

ఇంతవరకూ చేశాక మళ్లీ ఆ మూడు పరీక్షలు చేయండి, మళ్లీ వంద చుట్లు లెక్కపెట్టండి. ఇప్పుడూ స్పీడు తేడా ఉంటేనే లివర్ ఆగే గంట్లను సర్దండి. మెషీన్ ఓ ఇరవై నిమిషాలు వేడెక్కాక సర్దాలి, చల్లగా ఉన్నప్పుడు సర్దితే తర్వాత వేగం పెరుగుతుంది.

అప్పుడు ప్లింత్. బరువు ప్లింత్ పనిచేయదని నేననడం లేదు. ఎల్75 పైరేకు ఒత్తి చేసిన స్టీలు రేకు, వేలి కణుపుతో కొడితే మోగుతుంది. దాన్ని అంచుల దగ్గరే కాక అడుగంతా చెక్కకు ఆనేలా బిగిస్తే ఆ మోత చచ్చిపోతుంది, బాస్‌లో తేడా తెలుస్తుంది. 18 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ పొరలు మూడో నాలుగో చాలు. మోటారు, లివర్, స్విచ్ కదిలేంత వరకే గుంత కోయండి, గుంత ఎంత చిన్నదైతే అంత మంచిది. అయితే మోటారుకు చుట్టూ గాలి ఆడాలి, చెక్క ఎక్కడా తగలకూడదు. పైరేకు కింద తారు షీటు అతికించడం కూడా మంచిదే, మోటారు మీద మాత్రం అతికించకండి, వేడికి కరుగుతుంది. స్లేటు రాయి వాడేవాళ్లున్నారు, బాగుంటుందంటారు. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, నేను ఆ జోలికి పోను. గారార్డ్ 301 సంగతి వేరు, దానిది పోత పోసిన అల్యూమినియం చట్రం. థోరెన్స్ టీడీ 124 ఇంకా వేరు, అందులో మోటారు నుంచి మధ్య పుల్లీకి బెల్టు, అక్కడి నుంచి ఐడ్లర్. వాటికి చెప్పిన ప్లింత్ కొలతలు దీనికి, దీనివి వాటికి పట్టించకండి.

బిగించాక రసమట్టం ప్లాటర్ మీద పెట్టి చూడండి, ప్లింత్ మీద కాదు.

టోన్ ఆర్మ్ చివరి పని. ఎల్75 ఆర్మ్‌లో కత్తి అంచులాంటి ఇరుసు రెండు చిన్న ‘వి’ ఆకారపు దిమ్మెల మీద ఊగుతుంది. ఆ దిమ్మెలు వయసుకు చితికి పొడైపోతాయి. ఆర్మ్‌ను వేళ్లతో పట్టుకుని పైకి, పక్కకు కదిపితే లొటలొటలాడుతుంది. కొత్త దిమ్మెలు వేస్తే అదే ఆర్మ్ చాలాకాలం బాగా పనిచేస్తుంది. వేరే ఆర్మ్ కావాలనిపిస్తే ఏడాది విన్నాక చూడండి.

ఈ వారం మీరు చేయాల్సింది విప్పకుండా చేసే పనులే: దారం కట్టి వినడం, తపతపల లెక్క, వంద చుట్ల సమయం, మోటారు ఆగడానికి పట్టే సెకన్లు. ఆ అంకెలు చెబితే తర్వాత ఏది విప్పాలో చెబుతాను. ఈలోగా వాడకం అయిపోయిన ప్రతిసారీ ఆన్-ఆఫ్ లివర్‌ను పూర్తిగా ఆఫ్‌లో పెట్టండి. గోడ దగ్గర స్విచ్ కట్టేసి వదిలేస్తే చక్రం కడ్డీకి ఒత్తుకునే ఉంటుంది, తెల్లారేసరికి ఇంకో గుంట.